సన్యాసిరావు గారి మొదటి దెబ్బ

మీరు చివరిసారి నలుగురి మధ్య గొంతెత్తి మాట్లాడినప్పుడు, ఆ మాట గురి తప్పి ఉంటే దెబ్బ ఎవరికి తగిలేది? మీకా, ఇంకొకరికా? ఈ లెక్క ముందుగా వేసుకుని నోరు తెరిచేవాళ్ళు మన సభల్లో, మన పత్రికల్లో చాలా తక్కువ. నేను కూడా పుట్టుకతో నేర్చుకున్నవాణ్ణి కాదు. ఒక పెద్దమనిషి నేర్పాడు. ఆయన నాకు ఒక్క గ్రంథమూ చదవమని ఇవ్వలేదు. బంతి ఆట ఆడించాడు.

మొన్న విజయనగరంలో మా వీధి మలుపున మోటారు మెకానిక్ షెడ్డు ముందు పాత ఇంజనాయిలు ఒలికితే పనివాళ్ళు దాని మీద ఇసుక పోశారు. ఎండ ఎక్కేసరికి ఆ ఇసుక నుంచి ఘాటైన వాసన లేచింది. దారిన పోయేవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం కూరల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన నన్ను అరవైల చివరి సంవత్సరాలకు, గరివిడికి కొంత దూరంలో ఉన్న ఒక ఫ్యాక్టరీ వెనకాల ఎర్రమట్టి బీడులోకి లాక్కుపోయింది. మెకానిక్ "ఏటి కావాల మాస్టారూ" అని అడిగితే ఏమీ వద్దని చెప్పి, కాసేపు అలాగే వాసన చూస్తూ ఉన్నాను. పిచ్చివాడనుకుని ఉంటాడు.

ఆ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో నాకు మొదటి ఉద్యోగం. మా మీద అధికారి, ఛీఫ్ కెమిస్టు సన్యాసిరావు గారు. కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునే కుటుంబం. పెద్ద చదువు చదివి, ఎక్కడెక్కడో ఉక్కు కర్మాగారాల్లో పనిచేసి వచ్చినా నాలుక మాత్రం ఊళ్ళోనే ఉంచుకున్న మనిషి. జనరల్ మేనేజరుతో ఇంగ్లీషులో మాట్లాడుతూ మాట్లాడుతూ, మాట కోపానికి వస్తే "నాకేటి తెలుస్తాది" అనేవాడు. నేనప్పటికి విజయనగరంలో ఒక సంస్కరణ సంఘం చర్చల్లో ఆరితేరిన కుర్రవాణ్ణి. దేవుడు, దయ్యం, జాతకం, ముహూర్తం అన్నిటినీ ఒకే ఊపులో కొట్టిపారేసేవాణ్ణి. నేను లేచానంటే సభ నిండేది. నేను కూర్చున్నాక ఎవరి మనసు మారిందో అడగాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు.

ఫ్యాక్టరీ ఆఫీసర్లు ఆ బీడులో గోల్ఫ్ ఆట స్థలం తయారు చేసుకున్నారు. పచ్చగడ్డి మాట మరిచిపోండి. మా నేలలో, మా ఎండలో గడ్డి నిలవదు. బంతి చివరికి పడవలసిన గుంట చుట్టూ, గాలికి కొట్టుకుపోకుండా, పాత ఇంజనాయిలు కలిపిన ఇసుక పరిచేవాళ్ళు. నేను చెప్పిన వాసన అదే. ఆట తెలియనివాళ్ళకు ఒక్క మాట: చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, వీలైనన్ని తక్కువ దెబ్బల్లో దూరాన ఉన్న గుంటలో వెయ్యాలి. మొదటి దెబ్బ కొట్టే చోటును టీ అంటారు. ఆ దెబ్బకు కర్ర ఎంచుకోవడంలోనే సగం ఆట ఉంది. చెక్క తల ఉన్న పొడుగాటి కర్రతో కొడితే బంతి చాలా దూరం పోతుంది, కాని ఎటు పోతుందో చెప్పలేం. ఇనుప తల ఉన్న పొట్టి కర్రతో కొడితే అంత దూరం పోదు, కాని చూసిన వైపు పోతుంది. సన్యాసిరావు గారు వాటికున్న ఇంగ్లీషు పేర్లు వాడేవాడు కాదు. పెద్ద కర్ర, ఇనప కర్ర అనేవాడు.

ఆదివారం ఉదయాలు నన్ను తోడు తీసుకువెళ్ళేవాడు. నాకు ఒంట్లో బలం ఉంది, గర్వమూ ఉంది. ఎప్పుడూ పెద్ద కర్రే తీసేవాణ్ణి. ఒకసారి నా బంతి అందరికంటే దూరంగా, తాటిచెట్ల వరస దాటి పడింది. ఆ దెబ్బ గురించి నేను ప్రయోగశాలలో వారం పొడుగునా చెప్పుకున్నాను. సన్యాసిరావు గారు అంతా విని, తరువాతి ఆదివారం బుట్టెడు పాత బంతులు తెచ్చాడు. సగం పెద్ద కర్రతో, సగం ఇనప కర్రతో కొట్టమన్నాడు. బంతి పడ్డ ప్రతి చోటా ఒక పుల్ల పాతుకుంటూ తానే తిరిగాడు. చివరికి నన్ను తీసుకెళ్ళి చూపించాడు. ఇనప కర్ర పుల్లలు ఒక పశువుల దొడ్డిలో పట్టేటంత చోటులో ఉన్నాయి. పెద్ద కర్ర పుల్లలు జీడితోటలో, తుప్పల్లో, దారి అవతల, ఊరంతా చెదిరి ఉన్నాయి. తాటిచెట్ల దగ్గర ఒక్క పుల్లా లేదు.

"ఒరే అబ్బాయ్, నీ మంచి దెబ్బ నీది కాదురా," అన్నాడు. "అది ఎప్పుడో ఓపాలి వొచ్చీ సుట్టం. నీతోటి కాపరం సేసీవి ఈ మిగతావన్నీ."

ప్రయోగం చేసి చూపిస్తే ఒప్పుకోకపోవడానికి నేను పూజారిని కాను. ఆనాటి నుంచి ఇనప కర్ర పట్టాను. పట్టి, అన్ని చోట్లా అదే వాడాను. మొదటి టీ ముందు మైదానం రెండు వైపులా విశాలంగా ఉంటుంది, బంతి ఎటు పోయినా ప్రమాదం లేదు. అక్కడా జాగ్రత్తగా, పొట్టిగా కొడుతూ నా నిగ్రహానికి నేనే మురిసిపోయేవాణ్ణి. ఆయన రెండు వారాలు ఓర్చుకున్నాడు. మూడో వారం విసుక్కున్నాడు. "ఇప్పుడు ఇనప కర్రకి బొట్టెట్టి దండమెడతన్నావేటి? మొన్ననే కదా కొబ్బరికాయ కొట్టినోల్లని తిట్టి వొచ్చినావు. ఎదర ఇంత మైదానముంటే పాక్కుంటా పోడానికి నీకేటి రోగం? కొట్టు, ఒళ్ళొంచి కొట్టు."

మరి ఎప్పుడు ఏది తీయాలి సార్ అని అడిగాను. ఆయనకు సూత్రాలు చెప్పడం చేతకాదు. ప్రతి టీ దగ్గరా ఆగి ఒక ప్రశ్న వేసేవాడు. "తప్పితే ఏటి పోతాది?" మొదటి చోట తప్పితే ఏమీ పోదు, కాబట్టి పెద్ద కర్ర. మూడో టీ దగ్గర అలా కాదు. అక్కడ ఎడమ పక్క జీడితోట, కుడి పక్క గెడ్డ, అంటే లోతైన వాగు. వానాకాలంలో నీళ్ళు, మిగతా రోజుల్లో ముళ్ళతుప్పలు. గెడ్డలో బంతి పడితే ఒక దెబ్బ అదనంగా రాసుకోవాలి. కాబట్టి ఇనప కర్ర. ఇంతే ఆయన శాస్త్రం. నిజం చెప్పాలంటే అంతకుమించిన శాస్త్రం నేను తరువాత ఎక్కడా చూడలేదు. అయినా మూడో టీ దగ్గర నాకు చెయ్యి ఆగేది కాదు. తాటిచెట్ల నాటి దెబ్బ గుర్తొచ్చి నెలకొకసారైనా పెద్ద కర్ర తీసేవాణ్ణి. ఆ గెడ్డ మింగిన బంతుల్లో సగం నావే.

గెడ్డకు అవతల ఒక చిన్న ఊరు. ఊరి చివర గుడిసెలో ఎర్రమ్మ ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. జీడిగింజల కాలంలో తోటల్లో కూలికి పోయేది, మిగతా రోజుల్లో ఎండుపుల్లలు ఏరుకునేది. మా వైపు ఆడవాళ్ళ అలవాటు ప్రకారం నిప్పున్న కొస నోట్లో పెట్టి, పళ్ళతో చుట్ట కరుచుకుని అడ్డపొగ పీల్చేది. గెడ్డలో పుల్లలు ఏరేటప్పుడు మా బంతులు దొరికితే కొంగున మూటగట్టి సన్యాసిరావు గారికి తెచ్చి ఇచ్చేది. ఆయన ఆమెకు చుట్టలు ఇచ్చేవాడు. ఇద్దరికీ మాటల సరదా. ఆయన ఊరి సంగతులన్నీ ఆమె నోటి నుంచే విన్నాడు.

ఆ ఏడు వానలు తగ్గగానే ఊళ్ళో పిల్లలకు చలిజ్వరాలు పట్టుకున్నాయి. పైడయ్య అనే మంత్రగాడు నిమ్మకాయలు కోసి, ఇది చిల్లంగి అన్నాడు. చిల్లంగి అంటే మా ప్రాంతంలో చేతబడి. ఎవరు పెట్టారన్న ప్రశ్నకు ఊరే జవాబు కనిపెట్టింది. ఎర్రమ్మ తెల్లవారగానే గెడ్డలోకి దిగుతుంది. వంగి వంగి వెతుకుతుంది. తెల్లటి గుండ్రటి వస్తువులేవో ఏరి కొంగున కట్టుకుంటుంది. చూసినవాళ్ళు ఒకరా ఇద్దరా? అవి చిల్లంగి గుడ్లని పైడయ్య తేల్చాడు. చిల్లంగి పెట్టేవాళ్ళకు మా వైపు ఒక శిక్ష ఉండేది. పళ్ళు రాలగొట్టేవాళ్ళు. పళ్ళు లేని నోటితో మంత్రం సరిగ్గా పలకదు కాబట్టి మంత్రం పారదని నమ్మకం. రాయితో రాలగొట్టేవాళ్ళు. వచ్చే ఆదివారం రాములవారి కోవెల అరుగు మీద పెద్దలు కూర్చుని ఎర్రమ్మ సంగతి తేలుస్తారని తెలిసింది.

నా రక్తం ఉడికిపోయింది. విజయనగరం నుంచి సంఘం మిత్రుల్ని పిలిపించి, జెండాలతో ఊళ్ళోకి నడిచి, ఆ అరుగు ఎక్కి దేవుడి దగ్గర మొదలుపెట్టి మంత్రగాడి దాకా అందర్నీ కడిగిపారేయాలని ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. ముందురోజు పని ముగిశాక సన్యాసిరావు గారు నన్ను బీడులోకి నడిపించుకుపోయాడు. మూడో టీ దగ్గర ఆగి, గెడ్డ వైపు చూస్తూ నా ఉపన్యాసమంతా విన్నాడు.

"బాగున్నాది. తప్పితే ఏటి పోతాది?" అన్నాడు.

"ఏముంది సార్, నా పరువు. నాలుగు రాళ్ళు పడితే పడతాయి."

"నీ పరువు ఎవుడికి కావాలిరా? దాని పళ్ళు పోతాయి. నువ్వు సైకిలెక్కి ఇజీనారం ఎల్లిపోతావు. అది ఆ ఊర్లోనే ఉండాల."

 ఆయన గెడ్డలోకి చెయ్యి చూపించాడు. అక్కడ పోయిన ప్రతి బంతికీ నేను ఒక దెబ్బ మాత్రమే రాసుకున్నాను. దాని ఖరీదు ఇంకొకరి నోట్లోంచి వసూలవుతుందని ఆ లెక్కలో ఎక్కడా లేదు.

దేవుడు లేడని చెప్పకుండా చిల్లంగి లేదని ఎలా చెప్పడం అని వాదించాను. రేపటికి ఆ రెండూ చెప్పొద్దన్నాడు. ఎర్రమ్మ ఏరినవి బంతులని చూపించి, జబ్బు పిల్లల్ని ఫ్యాక్టరీ ఆస్పత్రికి పంపి, వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆమెను ముట్టుకోబోమని పెద్దల చేత అనిపించుకుంటే చాలన్నాడు. రెండో దెబ్బ కొట్టడానికి నిలబడే చోటు దొరికితే చాలట. ఇది రాజీ అన్నాను, పిరికితనం అని కూడా అన్నాను. అప్పుడు మాత్రం ఆయనకు కోపం వచ్చింది.

"పిరికోడు దగ్గరికి కొడతాడు. నేను దగ్గరికి కొట్టమన్నానేటి? అక్కడికి కొట్టమన్నాను." ఆయన వేలు గెడ్డ దాటి, తాటాకు కప్పుల మధ్య కనిపిస్తున్న కోవెల సున్నపు గోడను చూపిస్తోంది.

ఆదివారం జెండాలు లేకుండా వెళ్ళాం, ఇద్దరమే. ఎర్రమ్మ అరుగు కింద నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చూసిన అన్ని సభల్లోనూ నాకు మొదట గుర్తొచ్చేది ఆ చేతులే. ఊరి పెద్ద సింహాచలంనాయుడు మమ్మల్ని కూర్చోమన్నాడు. పైడయ్య తెలివైనవాడు, నా సంగతి ముందే ఆరా తీశాడు. "ఈ బాబు ఇజీనారంలో దేవుడు లేడని సెప్పీ బాబే. ఉన్నాడా లేడా, ముందది సెప్పమనండి," అన్నాడు.

ఊరంతా నా వైపు తిరిగింది. సిద్ధం చేసుకున్న ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది. అంత మంచి అవకాశం ఏ వక్తకూ దొరకదు. ఎర్రమ్మ చేతుల వైపు చూశాను.

"ఆ మాట నీతోనే మాట్లాడతాను పైడయ్యా, ఈ అరుగు మీదే. పిల్లలు లేచి తిరిగాక," అన్నాను. "ఇప్పుడు ఎర్రమ్మ ఏరినవేమిటో పెద్దలు చూడాలి." సంచీలోంచి బంతులు తీసి అరుగు మీద దొర్లించాను.

నాయుడు ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు, వాసన చూశాడు. లోపల ఏముందో చూడాలన్నాడు. అది నేను ఊహించలేదు. ఎవరో కత్తిపీట తెచ్చారు. ఆ రోజుల్లో గోల్ఫ్ బంతి లోపల సన్నటి రబ్బరు దారం బిగించి చుట్టి ఉండేది. పైతొక్క తెగగానే ఆ దారాలు పటపట తెగి, ప్రాణమున్నట్టు మెలికలు తిరుగుతూ బయటికి దూకాయి. ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని వెనక్కి గెంతారు. "పేగులు, సూసినారా పేగులు," అన్నాడు పైడయ్య. నాయుడు బంతిని కింద పడేశాడు. ఒక్క క్షణంలో గెడ్డలో పడ్డాం అనుకున్నాను.

అంతవరకూ వెనక నిలబడ్డ సన్యాసిరావు గారు తీరిగ్గా వచ్చి, ఆ బంతిని తీసి, దారం కొస నాయుడి చేతికిచ్చాడు. "మావా, లాగు," అన్నాడు. నాయుడు భయపడుతూనే లాగాడు. దారం సాగింది. ఇంకా సాగింది. సన్యాసిరావు గారు తన చివర వదిలేశాడు. అది చురుక్కుమని నాయుడి వేళ్ళకు తగిలింది. నాయుడు చెయ్యి విదిలించుకున్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏటిది?" అన్నాడు నాయుడు.

"రబ్బరు మావా. నీ సైకిలు ట్యూబు సంగతే. నిప్పెట్టి వాసన సూసుకో."

నిప్పు పెట్టారు. టైరు కాలిన వాసన ఊరందరికీ తెలిసిందే. జబ్బు పిల్లల్ని మా ఆస్పత్రికి తీసుకువెళతామని, అంతవరకూ ఆగమని నేను అడిగాను. నాయుడు ఎర్రమ్మ మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. పిల్లలు ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేదాకా ఆమె మీద ఎవడూ చెయ్యి వెయ్యకూడదన్నాడు. మాకు కావలసిన మాట అక్షరం తేడా లేకుండా అదే. ఆ సాయంత్రమే పిల్లల్ని ఫ్యాక్టరీ లారీలో మా ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. మలేరియా. మందులు పడ్డాయి, ఒకరి తరువాత ఒకరు లేచారు.

లేవగానే, తాను కోసిన కోడి వల్లే లేచారని పైడయ్య చాటుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. సన్యాసిరావు గారు నవ్వాడు. "ఆడి కోడికి ఆడు మొక్కుకోనీ. పిల్లలు లేచినారు, దాని పళ్ళు దాని నోట్లో ఉన్నాయి. ఇప్పుడు ఎదర ఏటుందో సూడు. గెడ్డ లేదు, తుప్పలు లేవు. ఇప్పుడు తియ్యి పెద్ద కర్ర."

తీశాను. మాట ఇచ్చిన ప్రకారం మళ్ళీ అదే అరుగు మీద, దాచుకున్న ఉపన్యాసం మొత్తం చెప్పాను. దేవుణ్ణి వదల్లేదు, నిమ్మకాయనూ వదల్లేదు. ఊరు విన్నది. కొందరు తిట్టారు, కొందరు అడిగారు, ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. రాయి మాత్రం ఎవరూ వెయ్యలేదు. తమ పిల్లల్ని లారీ ఎక్కించినవాడు ఎంత నాస్తికుడైనా కాసేపు వినాలనిపిస్తుంది కాబోలు.

నేను ముగించాక సన్యాసిరావు గారు లేచి జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. తన జుట్టు కొంచెం కత్తిరించాడు. గోరు ముక్క తీశాడు. తన కాలి కింద మట్టి చిటికెడు తీసి అన్నీ ఒక కాగితంలో పొట్లం కట్టాడు. చిల్లంగి పెట్టడానికి కావలసిన సామాను అదేనని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు.

"పైడయ్యా, ఎర్రమ్మకి చిల్లంగి వొచ్చని కనిపెట్టినోడివి నువ్వే. కనిపెట్టినోడికి ఆ ఇద్దె తెలవకుండా ఎలగుంటాది? ఇదిగో, అట్టుకెల్లి నా మీద పెట్టు."

ఈ పొట్లం సంగతి మీద, ఊళ్ళోకి వచ్చే దారిలోనే ఆయనతో నేను పోట్లాడాను. రేపు మీకు మామూలు జ్వరం వచ్చినా మళ్ళీ ఎర్రమ్మ మెడకే చుట్టుకుంటుంది కదా అన్నాను. ఆయన అది ముందే చూసుకున్నాడు. పొట్లం పైడయ్య చేతికి ఇస్తున్నాడు కాబట్టి, జ్వరం వస్తే చిల్లంగి పైడయ్యదే అవుతుంది. రాకపోతే చిల్లంగే లేదు. "ఎటు పడినా మైదానమేరా. తప్పితే పోయీది నాది," అన్నాడు.

ఆ లెక్క పైడయ్యకూ తెలిసింది. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పొట్లం ఎంతసేపు చాచినా ముట్టుకోలేదు. జనం నవ్వడం మొదలుపెట్టారు. నవ్వులోంచి ఒక గొంతు, ఈడి పళ్ళే రాలగొట్టండి అంది. సన్యాసిరావు గారి మొహంలో నవ్వు పోయింది. "ఎవుడి పళ్ళూ ఎవుడూ రాలగొట్టక్కర్లేదు. రేపు ఈడికి జొరమొచ్చినా మన ఆస్పత్రికే రావాల," అని పొట్లం అరుగు మీద పెట్టి దిగిపోయాడు. మేము గెడ్డ దాటేసరికి కాగితం గాలికి విచ్చుకుందట, వెంట్రుకలు ఎగిరిపోయాయట. ఎవరూ ఏరుకోలేదని తరువాత ఎర్రమ్మ చెప్పింది.

ఆ తరువాత ఆమె పట్టపగలు, అందరూ చూస్తుండగా గెడ్డలోకి దిగేది. ఒక ఆదివారం మూడో టీ దగ్గరికి వచ్చి, పళ్ళ మధ్య అడ్డపొగ కరుచుకునే కొంగు విప్పి బంతులు నా ముందు పోసింది. "నీవే ఎక్కువున్నాయి బాబూ. ఓపాలైనా తిన్నగా కొట్టవా?" అంది. సన్యాసిరావు గారు అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

కొన్నేళ్ళకు ఆయన ఉద్యోగం మానుకుని కోటబొమ్మాళి వెళ్ళి వరి పొలం చూసుకున్నాడు. నేను ఉద్యోగం వదిలి రాతలో, ఉపన్యాసాల్లో పడ్డాను. జీవితమంతా వాదించాను, ఇప్పటికీ వాదిస్తున్నాను, తగ్గే ఉద్దేశం లేదు. కాని ప్రతి వేదిక మెట్ల దగ్గరా ఒక్క నిమిషం ఆగుతాను. తప్పితే ఏం పోతుంది, ఎవరిది పోతుంది? పోయేది నాదే అయితే ఒళ్ళొంచి కొడతాను. ఆ దెబ్బలకు నా మీద కేసులు పడ్డాయి, స్నేహాలు పోయాయి, నాకు విచారం లేదు. పోయేది కింద కూర్చుని నోటికి చేతులు అడ్డం పెట్టుకున్న మనిషిదైతే, నా చప్పట్లు నేను వదులుకుని, ఆ మనిషి ఇంటి గుమ్మం దాకా చేరే మాట ఒక్కటి వెతుక్కుంటాను.

మీ చుట్టుపక్కల కూడా ఒక ఎర్రమ్మ ఉంది. లేదనకండి, చూడలేదనండి. ఆమె మీద పుకారు ఇప్పటికే నడుస్తోంది. మీరు ఇంట్లో కూర్చుని మూఢనమ్మకాల మీద వ్యాసం రాసుకుంటున్నారు, ఈ వ్యాసం చదువుకుంటున్నారు. చాలు. ఇది పక్కన పడేసి లేవండి. ముందు ఆమె గుమ్మంలోకి వెళ్ళి, ఊరంతా చూస్తుండగా ఆమె పక్కన కూర్చోండి. ఆమె మీద ఎవరూ చెయ్యి వెయ్యరన్న మాట పెద్దల నోట అనిపించండి. ఆ తరువాత మీ జుట్టు, మీ గోరు, మీ కాలి మట్టి పొట్లం కట్టి మంత్రగాడి ముందు పెట్టండి. ఈ ఆదివారమే వెళ్ళండి.